తలుపు మీద నేను రాయని మాట

ఈ వయసులో నాకున్న రోగాలన్నీ అందరికీ చెప్పుకుంటాను. మోకాళ్ళ నొప్పులు, బీపీ, కుడి కంట్లో పొర. చెప్పడమంటే నాకు ఇష్టం. బస్సులో పక్కన కూర్చున్నావిడ దిగేలోపు మా ఇంటి సంగతులన్నీ ఆమెకు తెలిసిపోతాయి. ఇంత వాగుడుకాయను, ఒక్క సంగతిని మాత్రం ఇన్నేళ్ళూ నోరు మూసుకుని మోశాను. దాన్ని మోస్తూనే పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. మా ఆయన పోయినప్పుడు బాగా ఏడ్చాను. ఆ ఏడుపులో సగం వేరే మనిషి కోసమని అక్కడున్న ఎవరికీ తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. అక్షరాలు ఆనడం లేదు కాబట్టి మా మనవరాలు రాస్తోంది. దానికీ ఇప్పటిదాకా ఏమీ తెలియదు. అమ్మమ్మ ఏవో కాలేజీ ముచ్చట్లు చెబుతుందని చాయ్ పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"బిడ్డా, నేనేం చెప్తే గది రాయి. నడుమల ఆపకు," అన్నాను.

"నువ్వు జర మెల్లగ చెప్పు అమ్మమ్మా. నువ్వు మొదలువెడితే నా చెయ్యి గుంజుతది," అంది.

మెల్లగానే చెబుతాను. ఇది గబగబా చెప్పే సంగతి కాదు.

వనపర్తిలో ఒక చిన్న కాలేజీలో నేను తెలుగు చెప్పేదాన్ని. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, పేరు వద్దు. ఒక ఏడు మా ప్రిన్సిపాల్‌కు పరిశోధన సంచిక వేయాలన్న కోరిక పుట్టింది. పరిశోధన ఏ విషయం మీద? ఎవరికి తోచిన దాని మీద వాళ్ళు. నేను విసుర్రాయి పాటల మీద రాశాను. ఇంగ్లీషు సార్ డేరా టాకీసుల మీద రాశాడు. ఆ బొమ్మలు చూసి మన పల్లెల జనం పాత రాజులను ఎలా ఊహించుకున్నారన్నది ఆయన విషయం. జువాలజీ సార్ నిల్వ ధాన్యానికి పట్టే పురుగుల మీద, వాటిని చంపే పద్ధతుల మీద రాశాడు. మధ్యయుగాల చరిత్ర శేఖర్‌ది. శేఖర్ అన్నది అతని అసలు పేరు కాదు.

సాహిత్యం, చరిత్ర, సినిమా, పురుగుల మందు, అన్నీ ఒకే అట్టల మధ్య. "అంగడికి పోయొచ్చిన సంచి లెక్క ఉంది మేడం," అని ఇంగ్లీషు సార్ నవ్వేవాడు. ఆ సంచికకు సంపాదకురాలిని నేను. అందరి వ్యాసాలూ చదివి తప్పులు దిద్దడం నా పని. అన్నీ చదివాను. ఒక్క వాక్యం వదలకుండా చదివాను. ఈ మాట గుర్తుంచుకోండి.

శేఖర్‌ది గద్వాల. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి నాగమ్మ మగ్గం మీద చీరలు నేసి చదివించింది. మా దగ్గర పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ పని చేసుకునేవాడు. వందల ఏళ్ళ కింద ఈ మెట్ట నేలలో చెరువులు ఎవరు తవ్వించారు, పలుగూ పారా పట్టినవాళ్ళకు ఏం దక్కింది అని వెతికేవాడు. శ్రీరంగాపూర్ వైపు పాత ఇళ్ళకు సైకిలు మీద పోయి, అటకల మీది తాళపత్రాల కట్టలు అడిగి తెచ్చేవాడు. ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అతని ముఖం అట్లాంటిది. ముసలమ్మలు ముందు అన్నం పెట్టి, తర్వాత కట్ట చేతికిచ్చేవారు.

ఆ కట్టల కోసం కాలేజీ వెనక ఒక గది ఇచ్చారు. ఆ గదికి నేనొక పద్ధతి పెట్టాను. కట్ట విప్పితే తలుపూ కిటికీలూ మూసేయాలి. మా వైపు గాలి మీకు తెలియకపోవచ్చు. ఎర్రదుమ్ముతో వస్తుంది. ఎండిన తాటాకు ఎగిరి కింద పడిందంటే ముక్కలవుతుంది. మిగతావాళ్ళు ఆ పద్ధతిని నవ్వుతూ మరిచిపోయేవారు. శేఖర్ మాత్రం ఏనాడూ తప్పలేదు. పని ముగించి తడిసిన చొక్కాతో బయటికి వచ్చేవాడు. నా మాట అంటే అతనికి అంత గౌరవం.

ఒకనాడు ఒక పెద్ద కట్ట విప్పితే పిండి రాలింది. పురుగు తొలిచేసింది. ఏదో చెరువు తవ్వినవాళ్ళ పేర్లున్న ఆకులు. పేర్ల నడుమ బెజ్జాలు. శేఖర్ ఆ పిండిని వేలితో తాకి అలాగే కూర్చుండిపోయాడు. మందు పెట్టేద్దాం అన్నాను. అతను వద్దన్నాడు. మందు ఆకులకు పడుతుందో లేదో తెలియదని, ఎవరైనా తెలిసినవాళ్ళను అడిగేదాకా వస కొమ్ము, వేపాకు పెడదామని అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నాడు. ప్రిన్సిపాల్ వెంటనే, "శేఖర్ చెప్పినట్టే చెయ్యుండ్రి," అన్నాడు.

నాకు గుచ్చుకుంది. అప్పటికే సంచికలో అతని వ్యాసం ముందు వేయాలని, నాది తర్వాత వేయాలని నిర్ణయమైంది. నేనే సంపాదకురాలిని, నా వ్యాసం రెండోది. చిన్న విషయం. ఎంత చిన్న విషయమో ఇప్పుడు చెబుతుంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ అప్పుడు అది చిన్నదిగా కనిపించలేదు.

మాకు పెద్దమందడి దగ్గర పొలం ఉండేది. జొన్నలు నిల్వ చేసే కొట్టులో మా ఆయన బస్తాల మధ్య గోలీలు పెట్టేవాడు. పురుగుల మందు గోలీలు. వాటి నుంచి వచ్చే గాలికి పురుగు చస్తుంది. ధాన్యం ఉన్న ప్రతి ఇంట్లో దొరికే గోలీలే. అవే తెచ్చాను. శనివారం సాయంత్రం, కాలేజీ ఖాళీ అయ్యాక, కాగితం ముక్కల మీద పెట్టి కట్టల వెనక సర్దాను. కిటికీలు బిగించి, తలుపు తాళం వేశాను. ఆదివారం, సోమవారం సెలవు. వ్యాసం చివరి కాగితాలు తొందరగా ఇమ్మని శేఖర్‌కు చెప్పాను. అతను గద్వాల పోయాడు, మంగళవారం వస్తానన్నాడు. నాకు నాగర్‌కర్నూల్‌లో చుట్టాల పెళ్ళి ఉంది. బస్సు వేళ అవుతోంది. ఆ హడావిడిలో తలుపు మీద రాసి పెట్టడం మరిచిపోయాను.

ఆగు బిడ్డా. కొట్టేయకు. అది అట్లాగే ఉండనీ. దాని కింద రాయి: ఇప్పుడు చెప్పింది అబద్ధం.

మరిచిపోలేదు. మందు పెట్టిన గది తలుపు మీద అందరికీ కనిపించేలా రాయాలని, గాలి బాగా ఆడేవరకు ఎవరూ లోపలికి పోకూడదని జువాలజీ సార్ వ్యాసంలో ఉంది. ఆ వాక్యం పొడుగ్గా ఉందని రెండుగా విరిచింది నేనే. అంత బాగా తెలుసు. గద్వాలలో శేఖర్ పక్కింటివాళ్ళకు ఫోను ఉంది. నంబరు నా దగ్గర ఉంది. తలుపు తాళానికి రెండో చెవి అతని దగ్గర ఉందని కూడా తెలుసు. అయినా రాయలేదు, ఫోను చేయలేదు. ఎందుకు? రాస్తే అతను చూస్తాడు. చూస్తే, వద్దన్నా పెట్టారేమిటి మేడం అని అడుగుతాడు. మళ్ళీ అందరి ముందూ. నేను అతనికంటే ముందే వచ్చి, కిటికీలు తెరిచి, చచ్చిన పురుగులు ఊడ్చి, మంగళవారం ఏమీ ఎరగనట్టు, చూశావా నీ వేపాకు పని చేసింది అనో, లేదా నేనే చేశాను అనో... ఏమనేదాన్నో ఇప్పుడు చెప్పలేను. గెలవాలనుకున్నాను. అంతే. ఒక పిల్లవాడి మీద.

అతను చస్తాడని అనుకున్నానా? లేదు. ఒట్టేసి చెప్పగలను, లేదు. కానీ వస్తే ఏమవుతుందన్న ఆలోచన ఒక్కసారి వచ్చింది, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు. మంగళవారం కదా అనుకుని దాన్ని తోసేశాను. బస్సు దిగి ఫోను చేయవచ్చు. పెళ్ళివారి ఇంట్లోనే ఫోను ఉంది. దాని పక్కనే కూర్చుని అరటాకులో భోజనం చేశాను.

అతను ఆదివారమే వచ్చాడు.

సోమవారం పొద్దున నేను బస్టాండు నుంచి నేరుగా కాలేజీకి పోయాను. తాళం తీసి ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. వెల్లుల్లి కుళ్ళినట్టు వాసన. శేఖర్ బల్ల పక్కన ఒరిగి ఉన్నాడు. వాంతి చేసుకున్నాడు. బల్ల మీద కట్ట విప్పి ఉంది. ఆ వాసన తను పెట్టిన వస కొమ్ముదే అనుకున్నాడేమో. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. నేను చెప్పిన పద్ధతి ప్రకారం.

ఇప్పుడు చెప్పబోయేది నేను దేవుడి ముందు కూడా చెప్పుకోలేదు. లోపలికి పోయి నేను మొదట అతన్ని ముట్టుకోలేదు. కిటికీలు తెరిచాను. గోలీలు కరిగి మిగిలిన బూడిదను కాగితాలతో సహా కొంగులోకి తీసుకున్నాను. మూల మూలా వెతికి తీశాను. బయటికి పోయి మురికి కాలువలో వేశాను. అప్పుడు తిరిగి వచ్చి అతని ముక్కు దగ్గర వేలు పెట్టాను.

ఊపిరి ఉంది.

నేను బూడిద ఎత్తుతున్నంతసేపూ అతను ఊపిరి తీస్తూనే ఉన్నాడు.

అరిచాను. వాచ్‌మన్ వచ్చాడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు వాసన చూసి ధాన్యం గోలీల విషం అన్నాడు. గదిలో ఏమైనా మందు ఉండిందా అని నన్నే అడిగాడు. తెలియదన్నాను. గాలి పీల్చాడా, మింగాడా అన్నది ఆయనకు నా నోటి నుంచే తెలియాలి. నేను తెలియదన్నాక ఆయన మింగాడనే అనుకున్నాడు. మా పాలమూరులో ఎవరైనా అంతే అనుకుంటారు. ఎన్ని ఇళ్ళలో చూడలేదు అట్లాంటివి? ఆ మందుకు విరుగుడు లేదని, చెప్పినా బతికేవాడు కాదని తర్వాత ఎక్కడో చదివాను. చదివినప్పుడు కాస్త ఊరట కలిగింది. ఆ ఊరట కలిగినందుకు నన్ను నేను ఎక్కువ అసహ్యించుకున్నాను. ఎందుకంటే తెలియదని చెప్పినప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. చెబితే బతుకుతాడేమో అనుకుంటూనే తెలియదన్నాను.

మధ్యాహ్నానికి పోయాడు.

నాగమ్మ సాయంత్రం వచ్చింది. అంతకుముందు ఆమెను ఒక్కసారే చూశాను. దవాఖాన ఆవరణలో నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. నూలుకు గరుకెక్కిన వేళ్ళు. ఆమె అన్న మాటల్లో ఒక్కటీ నేను ఇప్పటికీ మరవలేదు.

"మేడం, మీరు చదువుకున్నోల్లు. నా పిల్లగాడు మీ తాననే ఉంటుండె. ఏమైందో జర చెప్పుండ్రి."

"నాకు తెల్వదు నాగమ్మా."

"నిన్న అడిగి మరీ సద్ద రొట్టెలు కట్టిచ్చుకున్నడు. ఇంకో దినం ఉండురా అంటే, మేడం కాయితాలకు తొందర పెడ్తుంది, ఉండనమ్మా అని నవ్వుకుంట పాయె. మందు తాగెటోడు రొట్టెలు కట్టిచ్చుకపోతడా మేడం?"

ఆమె నా చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నేనే ఏమన్న అంటినా? పెండ్లి చేసుకో, పెండ్లి చేసుకో అని మొన్నంత పోరు పెడ్తి. ఇగ నా పానం తినకమ్మా అన్నడు. గా మాటకేనా? నా మాటకే మందు తాగిండా?"

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. కాదు అంటే చాలు. కాదు నాగమ్మా, నీ మాటకు కాదు అని ఒక్క మాట. దాని తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. మరి ఎందుకు అని. దానికి జవాబు నా దగ్గరే ఉంది.

"కావొచ్చు నాగమ్మా," అన్నాను. "ఈ మద్దెన జర దిగులుగనే ఉంటుండె."

ఆమె నా చేతులు వదిలేసింది. "అట్లనా," అంది. మళ్ళీ కింద కూర్చుంది.

అతన్ని చంపింది గోలీలు. సరే, నా గర్వం. కానీ అది ఒక తెలివిమాలిన సాయంత్రం చేసిన పని. ఈ రెండో పని మాత్రం నేను కళ్ళు తెరుచుకుని, ఆమె నా చేతులు పట్టుకుని ఉండగా, ఆమె కళ్ళలోకి చూస్తూ చేశాను. ఏది పెద్ద తప్పు అని ఇన్నేళ్ళుగా తూకం వేస్తూనే ఉన్నాను. తూకం వేయడం కూడా ఒక తప్పించుకోవడమే అనుకుంటాను.

పోలీసులకూ అదే చెప్పాను. కాలేజీలో కథలు పుట్టాయి. ఇంగ్లీషు సార్ సినిమాల మనిషి కదా, ఎవరో అమ్మాయి ఉండి ఉంటుందని, వాళ్ళవాళ్ళు ఒప్పుకోలేదేమోనని అన్నాడు. నాలుగు రోజులకు ఆ అమ్మాయికి ఊరు కూడా వచ్చింది, పేరు కూడా వచ్చింది. నేను వింటూ కూర్చున్నాను. జువాలజీ సార్ మాత్రం ఆ మాటల్లో కలవలేదు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ గది వాసన ఇంకా పోలేదు మేడం అన్నాడు. నేను ప్రూఫులు దిద్దుతూనే ఉన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఆ ప్రశ్నకు కూడా నాకు జవాబు తెలుసు.

సంచిక వచ్చింది. శేఖర్ వ్యాసం మొదటిదే. దాని పైన నాలుగు మాటలు రాయమని ప్రిన్సిపాల్ నన్నే అడిగాడు. "అతి సున్నిత మనస్కుడైన మా యువ మిత్రుడు" అని రాశాను. సున్నిత మనస్కుడు. ఎంత ఏరి పెట్టానో ఆ మాట. చదివినవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కరలేదు. నేర్చుకున్న భాష అంతా నాకు అక్కడ పనికొచ్చింది.

కట్టల్లో పురుగులన్నీ చచ్చాయి. ఆకులకు ఏమీ కాలేదు.

తర్వాత మూడు నాలుగుసార్లు గద్వాల బస్సెక్కాను. ఒకసారి బీచుపల్లి వంతెన దాకా పోయి దిగి వెనక్కి వచ్చాను. ఇంకోసారి వాళ్ళ వీధి మొదటి దాకా పోయాను. ఒక పిల్లాడు ఎవరు కావాలమ్మా అని అడిగితే, ఎవరూ వద్దన్నాను. ఏదో ఒక రోజు చెబుతాను అని అనుకుంటూ ఉంటే, చెప్పినంత సుఖంగా ఉంటుంది. అట్లా ఏళ్ళు గడిచిపోతాయి.

ఈ ఎండాకాలం మా మనవరాలు గద్వాల చీర కొనిపెట్టమంది. పోయాం. అది దుకాణంలో రంగులు చూసుకుంటుంటే, ఇప్పుడే వస్తానని చెప్పి నడిచాను. ఈసారి కాళ్ళు ఆగలేదు. నాగమ్మ అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. మగ్గం ఎక్కడం మానేసి చాలా కాలమైందట. నడుము వంగిపోయింది. నేను పలకరించగానే తల ఎత్తింది.

"మేడమే గదా? మీ గొంతు మరువలే," అంది. లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. గోడ మీద ఆమె మొగుడి ఫోటో ఉంది. అత్తామామల ఫోటోలున్నాయి. శేఖర్ లేడు. నేను గోడ వైపు చూడడం ఆమె చూసింది.

"ఆని ఫోటో పెట్టెల ఉంది మేడం. ఆడ పెడితే నా దిక్కే చూస్తున్నట్టుంటది. నా మాటకే పాయె గదా. పెత్రమాసకు గూడ ఆని పేరు మీద బియ్యం ఇయ్యనీకె చెయ్యి రాదు. తీసుకుంటడా నా చేతిది?"

చచ్చిపోయినవాళ్ళ పేరున ఏడాదికి ఒక్కరోజు బియ్యం ఇస్తాం మేము. ఆ ఒక్క రోజు కూడా ఆమె తన కొడుకును తలుచుకోలేకపోయింది. నేను అన్న ఒక్క మాట వల్ల. నేనేం చేశానో తెలుసా? ఆమె ఇచ్చిన చాయ్ తాగాను. ఆరోగ్యం జాగ్రత్త అన్నాను. లేచి వచ్చాను. దుకాణంలో మనవరాలు ఆకుపచ్చ చీర భుజం మీద వేసుకుని ఎట్లుంది అమ్మమ్మా అని అడిగింది. బాగుందన్నాను.

మనవరాలు రాయడం ఆపింది. నా వైపు చూడడం లేదు. చాయ్ మీద మీగడ కట్టింది. దానికి నేను చీరలు కొనిపెట్టే అమ్మమ్మను, కథలు చెప్పే అమ్మమ్మను. ఇప్పుడు ఇంకేదో. ఈ పిల్ల దగ్గర నేను పోగొట్టుకునేది ఉందని తెలుసు. తెలిసే దీన్ని కూర్చోబెట్టాను. పరాయివాళ్ళకు రాయించి పంపేస్తే మళ్ళీ దాక్కున్నట్టే అవుతుందేమోనని.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించగలిగింది కాదు. నాగమ్మను కూడా అడగను. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టు. చెప్పి, ఆమె ఏమంటే అది విని వస్తాను. తిడితే తిట్లు వింటాను. పోలీసు దగ్గరికి పదమంటే పోతాను. తలుపు వేసుకుంటే తలుపు ముందు కాసేపు నిలబడి వస్తాను. రేపు పొద్దున బస్సు ఉంది.

"ఆమెకు ఏమని చెప్తవు అమ్మమ్మా?" అని అడిగింది మనవరాలు, కాగితం మీదే చూస్తూ. "ఆడికి పోయినంక మళ్ల చాయ్ తాగొస్తవు నువ్వు. ఇప్పుడే చెప్పు. నాకు చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ మాటలను బయటికి అనడం అదే మొదలు.

"నాగమ్మా, నీ కొడుకు మందు తాగలే. నీ మాటకు సావలే. ఆ గదిల గోలీలు పెట్టింది నేను. ఆనికి చెప్పకుండ పెట్టిన, కావాలనే చెప్పలే. పానం ఉండంగనే బూడిద ఎత్తిన. నువ్వు నా చేతులు వట్టుకోని అడిగిననాడు నీకు అబద్ధం చెప్పిన."

గొంతు మధ్యలో రెండుసార్లు తెగింది. మనవరాలు తల ఎత్తలేదు. చెంపలు తుడుచుకుని, పెన్ను సరిగ్గా పట్టుకుంది.

"మళ్ల చెప్పు," అంది. "సగమే రాసిన."

మళ్ళీ చెప్పాను. ఈసారి తెగలేదు.